చప్పుడు లేని పెట్టె

కంప్యూటర్లు సొంత చేతులతో బిగించుకునే ఆ గుంపులో అతన్ని అందరూ ఫ్రిజ్ అని పిలిచేవారు. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, కరెంటు బిల్లు మీద తప్ప దాన్ని ఎవరూ వాడేవారు కాదు. ఎంత వేడెక్కే పెట్టె అయినా అతని చెయ్యి పడితే చల్లబడాల్సిందే. ఫ్యాను ఎటు తిప్పాలో, నీళ్ల గొట్టం ఎక్కడ వంచాలో, ప్రాసెసర్ మీద పేస్టు ఎంత పూయాలో అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఆ సంగతి అందరికంటే అతనికే కాస్త ఎక్కువ తెలుసు.

ఆ గుంపు ఆదివారాల్లో మూతపడిన ఒక ఫోటో స్టూడియోలో చేరేది. ఒక బ్యాంకు గుమస్తా, ఒక పళ్ల డాక్టరు, ఇద్దరు లారీ డ్రైవర్లు, కాలిపోయిన బోర్డులకు ప్రాణం పోసే సోల్డర్ అనే మనిషి. ఇంట్లో పెళ్లాం ఒళ్లు కాలిపోతోందంటే మాత్ర వేసుకోమని చెప్పి ఊరుకునే ఈ మహానుభావులు, ప్రాసెసర్ రెండు డిగ్రీలు పెరిగిందంటే తిండి మానేసి దాని పక్కనే కూర్చుంటారు. బాగా నడుస్తున్నదాన్ని అలా నడవనివ్వడం మాత్రం వీళ్లవల్ల కాదు. ఏదో ఒకటి విప్పాలి, ఏదో ఒకటి మార్చాలి. జరిగిన ఘోరమంతా ఆ చేతి దురదలోంచే పుట్టింది.

ఫ్రిజ్‌కి ఒక్కతే అక్క, చిన్నపిల్లల బడిలో టీచరు. చిన్నప్పుడు అతను ఇంట్లో రేడియో విప్పాడు, గోడ గడియారం విప్పాడు, ఇస్త్రీ పెట్టె విప్పాడు. విప్పినవేవీ మళ్లీ పని చేయలేదు. నాన్న స్క్రూడ్రైవరు దాచేసి, వీడి చేతికి ఏ వస్తువూ ఇవ్వొద్దని ఇంట్లో అందరికీ చెప్పాడు. ఆ మర్నాడే అక్క తన అలారం గడియారం తెచ్చి అతని ఒళ్లో పెట్టి, దీన్ని విప్పి మళ్లీ బిగించు, పోతే పోయింది అంది. అది మళ్లీ మోగింది. పెద్దయ్యాక ఎన్ని పెట్టెలు బిగించినా ఆ మోత విన్నప్పటి సంతోషం అతనికి మళ్లీ కలగలేదు. అక్క ముందు మళ్లీ ఆ పాత చేతకానివాడిగా నిలబడాల్సి వస్తుందేమోనన్న భయం మాత్రం అతన్ని ఎప్పుడూ వదల్లేదు.

ఆ అక్కకు గొంతులో గడ్డ లేచింది. మొదట జలుబన్నారు, తర్వాత పిల్లల మీద అరిచీ అరిచీ గొంతు రాసుకుపోయిందన్నారు. చివరికి పెద్ద డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు. తీసేస్తే ప్రాణానికి భయం లేదు గానీ మాట ఉండదట, గుసగుస కూడా రాదట. ఈలోగా మీ గొంతు రికార్డు చేసి పెట్టుకోండి, తర్వాత వేలితో నొక్కితే మీ గొంతుతోనే మాట్లాడే పలక ఇప్పిస్తాం అని చెప్పాడు. ఒకేసారి ఎక్కువ మాట్లాడొద్దని, రోజూ కొంచెం కొంచెం చదవమని కూడా హెచ్చరించాడు.

అక్క చిన్న గదిలో కిటికీ మూసి, తలుపుకి దుప్పటి వేలాడదీసి, మైకు ముందు కూర్చుంది. ఆమెకు ఆరేళ్ల పాప. పాపను పడుకోబెట్టేటప్పుడు చెప్పే కథలన్నీ చదివింది. నిద్రలేపే పిలుపు, తిండికి పిలిచే పిలుపు, అల్లరి చేస్తే కోప్పడే పిలుపు, జ్వరం వచ్చినప్పుడు పక్కన కూర్చుని పిలిచే పిలుపు, అన్నీ వేరువేరుగా పలికి పెట్టింది. పరీక్ష తప్పితే ఏం కాదులే అని ఒకటి. ఎవడే వాడు అని ఒకటి. అది పాప పెద్దయ్యాక పనికొస్తుందని మొగుడితో చెప్పి తనే నవ్వింది. ఆ బావ కళ్లద్దాల కొట్టు నడిపే నెమ్మదస్తుడు. ఆమె ముందు తనూ నవ్వి, వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాడు.

రికార్డు చేసిన వాటిలో వెనక జుయ్‌మని సన్నటి చప్పుడు వస్తోందని అక్క తమ్ముడికి చెప్పింది. ఆ కంప్యూటరు అతను బిగించి ఇచ్చిందే. ఇంకేముంది, ఫ్రిజ్ సంచీ భుజాన వేసుకుని దిగిపోయాడు. లోపలి ఫ్యాన్లు చాలావరకు పీకేసి నీళ్లు తిరిగే కూలింగు పెట్టాడు. నీళ్లు తోసే పంపు కూడా గొణుగుతోందని దాని కింద రబ్బరు ముక్కలు సర్దాడు. వారం తిరక్కముందే రికార్డులు అద్దంలా వచ్చాయి. అక్క సంబరపడి, చాలురా, ఇంక దాన్ని వదిలెయ్ అంది. అతను మాత్రం పెట్టెకి చెవి ఆనించి, లోపలికి కరెంటు అందించే పవర్ సప్లై ఫ్యాను ఇంకా వినబడుతోందన్నాడు. నీకు తప్ప ఎవరికీ వినబడట్లేదని బావ అన్నాడు. అది పొగడ్త అనుకున్నాడు ఫ్రిజ్.

ఆ వెళ్లినప్పుడే ఇంకో పని కూడా చేశాడు. అక్క రికార్డులు కంప్యూటరులోని ఒక డిస్కులో ఉండేవి. వాటి నకలు విడిగా చిన్న డబ్బాలాంటి డిస్కులో, బల్ల సొరుగులో ఉండేది. వారానికోసారి దాన్ని తీసి, వైరు తగిలించి, నకలు చేసి, మళ్లీ సొరుగులో పెట్టడం బావ పని. ఆ వైరు వేలాడటం ఫ్రిజ్ కంటికి నచ్చలేదు. డబ్బా పగలగొట్టి లోపలి డిస్కు బయటికి తీసి, దాన్నీ కంప్యూటరు పెట్టెలోనే, మొదటిదాని కింద బిగించేశాడు. ఇప్పుడు నకలు దానంతట అదే అవుతుందన్నాడు. రెండూ ఒకే పెట్టెలో ఉంటే ఎలా, ఇంటర్నెట్టులో కూడా ఒకటి దాచకూడదా అని బావ అడిగితే, మన ఇంటి గొంతు ఎవడి కంప్యూటర్లోనో ఎందుకు బావా అని నవ్వేశాడు. కంప్యూటర్ల విషయంలో అతనికి ఎదురుచెప్పేవాళ్లు ఆ ఇంట్లో లేరు.

బుధవారం ఆపరేషన్. దానికి ముందు ఆదివారం పళ్ల డాక్టరు దగ్గర ఫ్యాను లేని పవర్ సప్లై ఒకటి దొరికింది. అసలు చప్పుడే చేయదు. ఫ్రిజ్‌కి కాలు నిలవలేదు. మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్లేసరికి బావ పాపను ఆడించడానికి పార్కుకి తీసుకెళ్తున్నాడు. ఈ నాలుగు రోజులూ దాన్ని ముట్టుకోకపోతే ఏం పోయింది బాబూ, అని బతిమాలినట్టే అన్నాడు. అరగంట పని బావా అన్నాడు ఫ్రిజ్. అక్క మందు వేసుకుని పడుకోబోతూ, ఇంకొక్కటే రికార్డు మిగిలింది, సాయంత్రం లేచాక చేస్తాను, అప్పటికి బిగించెయ్యి అంది. అదేమిటని అడిగితే చెప్పలేదు.

పెట్టె తెరిచాడు. లోపలి తీగలు చూస్తే అతనికే ముద్దొచ్చాయి. ఒక్కో తీగకూ తెల్లటి, నీలం రంగు గుడ్డ తొడుగులు తనే తొడిగాడు. దువ్వెనతో దువ్వినట్టు వరసగా పేర్చి, వెనకవైపు రేకు కిందుగా పోనిచ్చి, చిన్న చిన్న కట్లు కట్టాడు. పాత పవర్ సప్లై తీసి కొత్తది పెట్టాడు. మదర్‌బోర్డుకి వెళ్లే లావు కేబులు కొత్తదే వేశాడు, పాతది దానికి పట్టలేదు కాబట్టి. డిస్కులకు వెళ్లే సన్న కేబులు మాత్రం వెనక రేకు కింద కట్లన్నిటి మధ్యా ఉంది. అది మార్చాలంటే ఆ అల్లికంతా కోసి పారేయాలి. పాత కేబులు కొసను కొత్త పవర్ సప్లైలో పెట్టి చూశాడు. టిక్కుమని కూర్చుంది.

కొత్త పవర్ సప్లైకి పాత కేబులు వాడకూడదన్నది ఆ గుంపులో అందరికీ కంఠతా వచ్చిన మాట. ప్లగ్గు ఆకారం ఒకటే ఉంటుంది గానీ, ఏ రంధ్రంలో ఎంత కరెంటు వస్తుందన్నది కంపెనీకో తీరు. అలా చేసి డిస్కు కాల్చుకున్న బ్యాంకు గుమస్తాను ఏడాది పొడుగునా ఏడిపించినవాడు ఫ్రిజ్. మరి తనెందుకు చేశాడంటే, ఈ రెండు కంపెనీలకూ పవర్ సప్లైలు తయారుచేసి ఇచ్చేది ఒకే ఫ్యాక్టరీ అని ఎక్కడో చదివాడు. ఏమీ తెలియనివాడైతే భయపడి కొత్త కేబులు వేసేవాడు. కొలిచి చూసుకునే మీటరు సంచీలోనే ఉంది. సంచీ గుమ్మం దగ్గర ఉంది. నాలుగడుగులు వేయడానికి బద్ధకించాడు.

స్విచ్చి వేశాడు. పెట్టె వెనకనుంచి అగ్గిపుల్ల ఆర్పినట్టు సన్నటి వాసన వచ్చి, వెంటనే పోయింది. కొత్త వస్తువుకి అలాంటి వాసన మామూలేనని తనకు తాను చెప్పుకున్నాడు. తెర వెలిగింది. కంప్యూటరు నడవడానికి కావలసినది బోర్డు మీదే వేరే ముక్కలో ఉంది కాబట్టి అంతా మామూలుగానే లేచింది. అక్క రికార్డులున్న డిస్కు కనబడలేదు. దాని నకలు డిస్కూ కనబడలేదు. ఆపి మళ్లీ వేశాడు. కనబడలేదు. అప్పుడు వెళ్లి మీటరు తెచ్చాడు. ఐదు వోల్టులు రావాల్సిన చోట పన్నెండు వస్తోంది.

గది అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. పెట్టెలో ఏ చప్పుడూ లేదు, ఇన్నాళ్లూ అతను కోరుకున్నది అదే. పక్కగదిలో అక్క నిద్రలో దగ్గడం మాత్రం స్పష్టంగా వినబడింది. చెప్పెయ్యాలని లేచాడు, గుమ్మం దాకా వెళ్లాడు, దుప్పటి పట్టుకుని నిలబడిపోయాడు. చివరికి డిస్కులు రెండూ విప్పి జేబులో వేసుకుని, పెట్టె మూసి, స్క్రూలు బిగించాడు.

అక్క లేచి వచ్చి పెట్టెకి చెవి ఆనించింది.

"చచ్చిందో బతికిందో కూడా తెలియట్లేదు కదరా," అని నవ్వింది.

ఆ మిగిలిన ఒక్కటీ చదివేస్తానని మైకు ముందు కూర్చోబోయింది. ప్రాసెసర్‌కి కొత్త పేస్టు పూశాను, అది ఆరేదాకా వాడకూడదు, రేపు చేద్దువుగాని అన్నాడు ఫ్రిజ్. ఆ పేస్టు ఆరేది కాదు, ఆరాల్సిన పనీ లేదు. కానీ ఆ సంగతి అక్కకు ఎలా తెలుస్తుంది? తమ్ముడు చెప్పాడు కదా అని మైకు పక్కన పెట్టేసింది. ఒక సాయంత్రం అలా పోయింది.

సోమవారం పొద్దున్నే సోల్డర్ దగ్గరికి పరుగెత్తాడు. సోల్డర్ డిస్కు మూత తీసి వాసన చూసి, మొహం చిట్లించి, ఏ కేబులు వాడావని ఒక్క మాట అడిగాడు. పాతదే అన్నాడు ఫ్రిజ్. సోల్డర్ ఇంకేమీ అడగలేదు, గుమస్తాను ఏడిపించిన మాట గుర్తుచేయనూ లేదు. మొదటి డిస్కులో చిప్పులన్నీ మాడిపోయాయని, దాని సంగతి మరిచిపొమ్మని చెప్పాడు. రెండోదాన్ని వేరే ఊళ్లో ఒక మనిషికి పంపిద్దాం, పోయినవి తిరిగి తీయడమే అతని పని, వారాలు పడుతుంది, వస్తుందని గానీ రాదని గానీ నేను చెప్పను అన్నాడు. దాని మీద ఏమున్నాయో విన్నాక చేతిలో పని పక్కన పెట్టి అతనివైపు తిరిగాడు.

"ఇప్పుడే ఇంటికెళ్లి మీ అక్కకి చెప్పు. ఎల్లుండి పొద్దుటిదాకా ఆమె మాట్లాడగలదు. నీ దగ్గరున్నది ఆ టైమొక్కటే."

చెప్తానన్నాడు. చెప్పాలనే బయల్దేరాడు కూడా. బస్సులో కూర్చునేసరికి ఆ వేరే ఊరి మనిషి తప్పకుండా తీసేస్తాడని అనిపించింది. అక్క వీధి మలుపు తిరిగేసరికి, ఆపరేషన్ ముందు ఆమెను కంగారుపెట్టడం పాపమని అనిపించింది. గుమ్మం ఎక్కేసరికి, చెప్పకపోవడమే ఆమెకు మేలు చేయడమని గట్టిగా నమ్మేశాడు. మనిషి తనను తాను మోసం చేసుకోవాలనుకుంటే ఎంత తెలివైన వాదనలు పుట్టుకొస్తాయో! పేస్టు ఇంకా ఆరలేదని మళ్లీ అబద్ధమాడి, ఫోనులో రికార్డింగు నొక్కి, చొక్కా జేబులో వేసుకుని, అక్క ఎదురుగా కూర్చున్నాడు.

ఇక అక్కడినుంచి అతను చేసింది దొంగతనమే. చిన్నప్పటి కబుర్లు తీశాడు. నాకు చెప్పేదానివి కదా కుందేలు కథ, ఏమిటది అన్నాడు. పాప పుట్టిన రోజు వాన పడిందా, ఎండ కాసిందా అన్నాడు. ఎన్నడూ లేనిది వంటింట్లోకి వెళ్లి కూర ఎలా తరగాలో కూడా అడిగాడు. అక్క సగం మాటలు చేతులతోనే చెప్పింది. డాక్టరు మాట్లాడొద్దన్నాడు కదరా, ఇవాళ నా చేత ఇన్ని మాటలు ఆడిస్తున్నావేంటి అని విసుక్కుంది. ఇంటికి వెళ్లి విని చూసుకుంటే, గుడ్డ రాసుకునే బరబరలో మాట మునిగిపోయింది. ఫ్యాను చప్పుడు వంద అడుగుల దూరంనుంచి పట్టే మనిషికి ఆ తెలివి లేకపోయింది. బావ ఫోనులో పాత వీడియోలు ఉన్నాయేమోనని వాటినీ ఆరా తీశాడు. ఎప్పుడూ ఫోను పట్టుకుని తీసేది అక్కే కాబట్టి, వాటిలో ఆమె గొంతు 'ఇటు చూడు, కదలకు' అన్నంతవరకే ఉంది.

మంగళవారం రికార్డింగు నొక్కిన ఫోను జేబులోంచి తీసి బల్ల మీద బోర్లించి పెట్టాడు. బావ కొట్టు మూసే పని మీద వెళ్లాడు, పాప నేల మీద బొమ్మలు గీస్తోంది. అక్క ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన బట్టలు సంచీలో సర్దుతోంది. సర్దుతూ సర్దుతూ ఆగి అతని ఎదురుగా కూర్చుంది. కాసేపు అతని మొహంలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా, ప్రతి మాటా విడదీసి, బడిలో పిల్లలకు చెప్పినట్టు మాట్లాడింది.

"ఏమైందిరా నీకు? రెండు రోజుల్నుంచి చూస్తున్నాను, నా మొహం చూడట్లేదు. కంప్యూటరు ఏమైనా పాడైందా? పాడైతే చెప్పు, నేను కోప్పడను. ఇంకా రేప్పొద్దుటిదాకా టైముంది. అన్నీ కాకపోయినా పాపకి కావలసినవి మళ్లీ చదివేస్తాను. చెప్పరా."

ఇంతకంటే సులువుగా తలుపు ఎవరు తీస్తారు? అతను చేయాల్సిందల్లా తల ఊపడం. గడియారం ఒళ్లో పెట్టినప్పుడు ఏ చూపు చూసిందో ఇప్పుడూ అదే చూపు చూస్తోంది. ఆ చూపు మారిపోతుందని భయపడ్డాడు. వేరే ఊరి మనిషి మీద ఉన్న ఆశనంతా కూడగట్టుకుని నవ్వాడు.

"ఏం లేదక్కా. అన్నీ భద్రంగా ఉన్నాయి."

అక్క ఇంకాసేపు చూసి, సరేలే అన్నట్టు తల ఊపి, మళ్లీ బట్టలు సర్దడానికి లేచింది. ఆ మిగిలిన ఒక్క రికార్డు గురించి వెళ్లేముందు అడిగింది. ఆస్పత్రినుంచి వచ్చాక చూద్దాం అనబోయి అతను నాలుక కరుచుకున్నాడు. ఆ మాట సగంలోనే ఆమెకు అర్థమైంది. పోనీలే, అది నేనే పాప చెవిలో చెప్పేస్తాను అంది. బుధవారం పొద్దున ఆస్పత్రిలో బండి మీద ఆపరేషన్ గదికి తోసుకెళ్తుంటే పాపను దగ్గరికి పిలిచి, చెయ్యి అడ్డం పెట్టి, చెవిలో ఏదో చెప్పింది. ఫ్రిజ్ జేబులో ఫోను నడుస్తూనే ఉంది. చక్రాల చప్పుడు తప్ప దానికి ఏమీ అందలేదు. ఏం చెప్పిందని తర్వాత పాపను అడిగితే, మర్చిపోయాను మామయ్యా అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ మొత్తం పోయిందన్నారు. అక్క మెడ మీద గుడ్డ కట్టుకుని, చేతిలో చిన్న రాతపలకతో ఇంటికి వచ్చింది. ఊపిరి ఇప్పుడు మెడలోని రంధ్రంలోంచే వస్తోంది, దానికి సన్నటి ఈల చప్పుడు. మాట్లాడే పలక ఆస్పత్రివాళ్లు ముందే ఇచ్చేశారు. రికార్డులు అందులోకి ఎక్కించడమే మిగిలింది. ఫ్రిజ్ ఒకరోజు జ్వరమన్నాడు, ఒకరోజు కేబులు తేలేదన్నాడు. ఆ రోజుల్లోనే వేరే ఊరి మనిషి ఫోను చేశాడు. డిస్కులో ఒక్క అక్షరం కూడా మిగల్లేదట, కావాలంటే ఖాళీ డబ్బా తిరిగి పంపిస్తాడట. ఫ్రిజ్ రోడ్డు పక్కన ఫుట్‌పాత్ అంచున కూలబడి, నలుగురూ చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాడు. ఏడ్చి లేచాక కూడా ఇంట్లో చెప్పలేదు.

ఒక సెలవు రోజు బావ గట్టిగా కూర్చోబెట్టాడు. పాప అమ్మ కథ వినకుండా పడుకోనని మొండికేస్తోంది, ఇవాళ ఎలాగైనా ఎక్కించాల్సిందే అన్నాడు. చిన్న గదిలో అందరూ చేరారు. అక్క కంప్యూటరు స్విచ్చి తనే నొక్కి, పలక మీద 'కుందేలు కథ పెట్టు' అని రాసి చూపించింది. పెట్టె ముందు దీపం వెలిగింది. మరే చప్పుడూ లేదు. ఫ్రిజ్ కుర్చీలో ముడుచుకుపోయాడు. అతని ఫోను స్పీకర్ల వైరుకి తగిలించి బల్ల మీద ఉంది. దొంగచాటుగా ఫోనులో తీసిన రికార్డుల్లో ఉన్నంతలో బాగున్నవాటిని శుభ్రం చేసి దాచుకున్నాడు, అవైనా ఇద్దామని. పిల్లలకు ఫోను తెరవడం ఎవరు నేర్పాలి? పాప దాన్ని లాక్కుని అన్నిటికంటే పైన ఉన్న రికార్డు నొక్కేసింది.

ఏమైందిరా నీకు, అంది అక్క గొంతు, స్పీకర్లోంచి, గది నిండా. రెండు రోజుల్నుంచి చూస్తున్నాను, నా మొహం చూడట్లేదు. పాప అమ్మ అమ్మ అని గెంతింది. బావ మొదట నవ్వాడు, తర్వాత నవ్వు ఆగిపోయింది. కంప్యూటరు ఏమైనా పాడైందా? పాడైతే చెప్పు, నేను కోప్పడను. ఇంకా రేప్పొద్దుటిదాకా టైముంది. అక్క కుర్చీ చేతులు పట్టుకుంది. మెడలో ఈల ఆగి, మళ్లీ వేగంగా మొదలైంది. అన్నీ కాకపోయినా పాపకి కావలసినవి మళ్లీ చదివేస్తాను. చెప్పరా.

ఆ వెనకే ఫ్రిజ్ గొంతు వచ్చింది. అన్నిటికంటే స్పష్టంగా ఉన్నది అదే. ఏం లేదక్కా. అన్నీ భద్రంగా ఉన్నాయి.

అతను అప్పుడు చెప్పాడు, కేబులు సంగతి, మీటరు సంగతి, పేస్టు ఆరలేదన్న అబద్ధం, అన్నీ. చెబుతున్నంతసేపూ నేల వైపే చూశాడు. బావ లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అక్క మాత్రం తమ్ముడి మొహంలోకే చూస్తూ కూర్చుంది. పలక ఆమె ఒళ్లోనే ఉంది, సుద్ద వేళ్ల మధ్యనే ఉంది. ఒక్క అక్షరం రాయలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాడు.

చివరికి అతనే నసిగాడు. ఇది ఒక్కటే బాగా పడింది అక్కా, మాట్లాడే పలకలోకి ఎక్కిస్తాను, చివర నా మాట కోసేస్తాను, నీ గొంతు మాత్రమే ఉంచుతాను అన్నాడు. అక్క అప్పుడు సుద్ద తీసుకుని, పలక మీద పెద్ద అక్షరాలతో రాసి, అతను తలెత్తి చదివేదాకా అలాగే పట్టుకుంది.

'వద్దు. మొత్తం ఉంచు.'

ఇప్పుడు పాప దాన్ని వింటూనే నిద్రపోతుంది. కుందేలు లేకపోయినా, రాజు లేకపోయినా, అమ్మ గొంతు ఉంది కాబట్టి దానికి అదే కథ. మెల్లగా మొత్తం కంఠతా వచ్చేసింది. ఫ్రిజ్ ఎప్పుడైనా వెళితే తన పక్కనే కూర్చోమని మారాం చేస్తుంది. చెప్పరా అని అమ్మ గొంతు అనగానే పాప కళ్లు మూసుకునే ఉండి, రికార్డులో మామయ్య గొంతు కంటే ముందు తనే ఆ మాట అందుకుంటుంది. ఏం లేదక్కా, అన్నీ భద్రంగా ఉన్నాయి అంటుంది. తలుపు దగ్గర నిలబడి అక్క వింటూ ఉంటుంది.